జెస్సీ పేరున హాజరు

తీరభారతి ఇంజనీరింగ్ కళాశాల, మచిలీపట్నం
ఆన్‌లైన్ జట్టు ప్రాజెక్టుల విభాగం
సెప్టెంబరు 20

కొత్తపాలెం, దివిసీమ వాస్తవ్యులు, విద్యార్థిని జెస్సీ అమ్మమ్మ మరియు సంరక్షకురాలు అయిన ఎస్తేరు గారికి నమస్కారములు.

మీ మనవరాలు మా దగ్గర చివరి సంవత్సరం చదువుతున్నది. ఈ సెమిస్టరులో తరగతులు లేవు, వాటి బదులు యూనివర్సిటీ వారు ఒక కొత్త సబ్జెక్టు పెట్టారు. నాలుగు కాలేజీల నుంచి ఒక్కొక్కరిని తీసుకుని ఒక జట్టు కడతారు. వాళ్ళు ఒకరినొకరు కలవకుండా, ఎవరి ఊళ్ళో వాళ్ళుండి, వారానికి మూడు రోజులు ఉదయం పదిన్నరకు ఫోన్లోనో కంప్యూటర్లోనో మీటింగు పెట్టుకుని ఒక ప్రాజెక్టు పూర్తిచేయాలి. రేపు ఉద్యోగాల్లో అంతా ఇలాగే ఉంటుందని యూనివర్సిటీ వారి ఉద్దేశం. మీ అమ్మాయి జట్టులో గుడివాడ నుంచి లోహిత్, తోట్లవల్లూరు నుంచి అనుదీప్, గుడ్లవల్లేరు నుంచి బిందు ఉన్నారు. ఏ ఊరి పొలానికి కాలవ నీళ్ళు ఏ రోజు అందుతాయో ముందే చెప్పే యాప్ తయారుచేయడం వీరి పని.

విషయానికి వస్తాను. మీటింగుల రికార్డింగులు వినగా కొన్ని సంగతులు మా దృష్టికి వచ్చినవి. మీ అమ్మాయి ఎప్పుడూ కెమెరా పెట్టదు. ఆగస్టు 12న అనుదీప్‌ని "నీ దుంప తెగ, నిన్న చెయ్యాల్సింది ఇవాళ కూడా చెయ్యకపోతే ఎలాగరా" అన్నది. ప్రతి మీటింగూ ఎవరు ఏం టిఫిన్ తిన్నారో అడిగి మొదలుపెడుతోంది. టిఫిన్ అజెండాలో లేదు. ఇంత జరిగినా మిగతా ముగ్గురూ మార్కుల ఫారంలో ఈ అమ్మాయికి పదికి పది వేశారు. తిట్లు తిన్నవాడు కూడా పదికి పది వేయడం మాకు అనుమానంగా ఉన్నది.

ఈ సబ్జెక్టు తప్పితే పట్టా ఆగిపోతుంది. పట్టా చూపించకపోతే మీ అమ్మాయికి ఖాయమైన ఉద్యోగం కూడా పోతుంది. కనుక మీ సంజాయిషీ వెంటనే పంపవలెను. కాగితం మీదే పంపవలెను. ఫోన్లో చెప్పిన మాటలు ఫైల్లో పెట్టడానికి వీలుపడదు.

ఇట్లు,
డాక్టర్ వర్షిణి
ప్రాజెక్టు సమన్వయకర్త

తా.క. రికార్డింగులో మీ అమ్మాయి గొంతు బాగా బొంగురుపోయి ఉంది. ఇరవై ఏళ్ళ పిల్ల గొంతులా లేదు. వేన్నీళ్ళు తాగించండి. మధ్యమధ్య ఒక కోడి కూడా మాట్లాడుతోంది.

~

కొత్తపాలెం
సెప్టెంబరు 24

వర్షిణి మేడం గారికి ఎస్తేరు వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం కులాసా. నేను పదో తరగతి దాకా చదివాను. ముప్పై ఏళ్ళుగా మా చర్చిలో స్త్రీల సమాజం మినిట్స్ నేనే రాస్తున్నాను. కాబట్టి కాగితం మీద రాయమంటే నాకు భయం లేదు. మీ కాగితం చదివాక మాత్రం భయం వేసింది.

గొంతు సంగతి, అది మా వంశంలోనే ఉంది. మా అమ్మకీ అంతే, నాకూ అంతే. అనుదీప్‌ని అలా అనడం తప్పే. కానీ ఆ వేళ నాకు ఒళ్ళు మండిపోయి, కాదు, జెస్సీకి ఒళ్ళు మండిపోయి నోరు జారింది. పైన కొట్టేసింది పట్టించుకోకండి. కళ్ళజోడు లేకుండా రాస్తున్నాను.

టిఫిన్ అడగడం తప్పెలా అవుతుందో నాకు అర్థం కాలేదు. మాది నాట్ల ముఠా. పదమూడు ఇళ్ళ ఆడవాళ్ళం కలిసి పొలాల్లో నాట్లు వేస్తాం. ఇరవై రెండేళ్ళుగా మేస్త్రిని నేనే. పనిలో దిగేముందు మేం మొదట అడిగేది తిన్నావా అనే. తినని మనిషి పదకొండింటికల్లా కూలబడుతుంది. అప్పుడు ఆమె వరస పక్కనున్న ఆమె మీద పడుతుంది. మా ఇంట్లో ఏ పనైనా ముఠా పద్ధతే మేడం. ఒక చెయ్యి ఆగితే ఇంకో చెయ్యి అందుకుంటుంది. ఈ ప్రాజెక్టు కూడా అలాగే నడిచింది. ముఠా లేకపోతే అది అయ్యేది కాదు.

జెస్సీ అమ్మానాన్నలు రొయ్యల చెరువుల మీద కాపలా పనికి భీమవరం వైపు వెళ్ళారు. పిల్ల బాధ్యత నాదే. అది చాలా బుద్ధిమంతురాలు. దయచేసి ఆ ఫైలు మూసెయ్యండి.

మీ మేలు కోరే,
ఎస్తేరు

తా.క. ఆ కోడిని మొన్న ఆదివారం కోసేశాం. ఇక మీటింగులకి అడ్డం రాదు.

~

తీరభారతి ఇంజనీరింగ్ కళాశాల, మచిలీపట్నం
సెప్టెంబరు 30

ఎస్తేరు గారికి నమస్కారములు.

మీ సంజాయిషీ అందినది. మేము తిట్ల గురించి అడిగితే మీరు అంతకన్నా పెద్ద విషయం బయటపెట్టారు. ప్రాజెక్టును పదమూడు ఇళ్ళ ముఠాతో చేయించినట్టు మీరే స్వదస్తూరీతో రాశారు. విద్యార్థులు చేయాల్సిన పనిని బయటి మనుషుల్ని పెట్టి చేయించుకోవడం పరీక్షలో కాపీ కొట్టడంతో సమానం. ఇలాంటివి పట్నాల్లో జరుగుతున్నట్టు విన్నాం గానీ దివిసీమలో కూడా ముఠాలు తయారయ్యాయని మాకు తెలియదు.

కనుక మీ ముఠాలో ఎవరెవరు ఉన్నారు, ఎంతెంత చదువుకున్నారు, జెస్సీ తరఫున ఏ పని చేశారు అన్నది పేర్లతో సహా రాసి, వారి సంతకాలతో పంపవలెను. ఆ వేళల్లో జెస్సీ ఎక్కడ ఉండి ఏం చేస్తున్నదో కూడా రుజువులతో తెలుపవలెను.

ఇట్లు,
డాక్టర్ వర్షిణి
ప్రాజెక్టు సమన్వయకర్త

తా.క. కోడి విషయంలో మా ఉద్దేశం అది కాదు.

ఇంకొకటి. ఆగస్టు 26 మీటింగులో బిందు వాళ్ళమ్మ గారి మోకాళ్ళకు మీ అమ్మాయి ఏదో నూనె చెప్పింది. అది దేనితో చేస్తారో తెలుపగలరు. ఇది ఫైలుకు సంబంధించినది కాదు.

~

కొత్తపాలెం
అక్టోబరు 5

వర్షిణి మేడం గారికి వందనాలు.

మా ముఠా వాళ్ళు యాప్ చేశారని మీరు రాసింది కొండమ్మకి చదివి వినిపించాను. కలుపు తీస్తున్నదల్లా నవ్వలేక మడిలోనే కూలబడింది. వాళ్ళ చదువులు అడిగారు కాబట్టి రాస్తున్నాను. నేను కాక పన్నెండు మంది. ఐదుగురికి సంతకం పెట్టడం వచ్చు. ఏడుగురికి రాదు. ఒక్కరి దగ్గర కూడా కంప్యూటర్ లేదు. ఇద్దరి దగ్గర బటన్ల ఫోన్లున్నాయి, అందులో ఒకటి పనిచెయ్యదు.

మీకు కోపం తెప్పించింది నా రాతే అని తెలుసుకున్నాను. అందుకే ఈసారి దొంగమాట ఒక్కటి లేకుండా రుజువు పంపుతున్నాను. జెస్సీ ఇంకొకరి చేత పని చేయించుకునే రకం కాదని పన్నెండు మందీ సాక్ష్యం రాసి, సంతకాలూ వేలిముద్రలూ వేశారు. ఆగస్టు 5 నుంచి 30 దాకా, ఆదివారాలూ పంద్రాగస్టూ తప్ప, రోజూ పొద్దున్న ఏడింటికి మడిలో దిగి ఒంటిగంట దాకా నడుం ఎత్తకుండా నాట్లు వేసింది. ఒక్క పూట ఎగ్గొట్టలేదు. మధ్యలో ఫోన్ కూడా ముట్టుకోలేదు. ఇంత కష్టపడే పిల్ల కాలేజీ పని పక్కవాళ్ళ మీదకి తోస్తుందా, మీరే ఆలోచించండి.

ఈ కాగితం చూశాక మీ అనుమానం పూర్తిగా పోతుందని నా నమ్మకం.

వినయంతో,
ఎస్తేరు

తా.క. ఏడో వేలిముద్ర మరక కాదు, కొండమ్మది. బురద చేత్తో వేసింది.

నూనె వావిలాకు వేసి ఆముదంలో కాస్తాం. ఒక సీసా బందరు బస్సు కండక్టరుకి ఇచ్చాను, డిపోలో తీసుకోండి. నువ్వు మా జెస్సీకన్నా పదేళ్ళు పెద్ద ఉంటావేమో, నీకప్పుడే మోకాళ్ళ నొప్పులేంటమ్మా. ఇది లంచం కాదు.

~

తీరభారతి ఇంజనీరింగ్ కళాశాల, మచిలీపట్నం
అక్టోబరు 14

ఎస్తేరు గారికి నమస్కారములు.

మీరు పంపిన సాక్ష్యం చదివాను. మళ్ళీ చదివాను.

ఆగస్టు 5 నుంచి 30 వరకు పన్నెండు మీటింగులు జరిగాయి. పన్నెండింటికీ జెస్సీ పేరున హాజరు ఉన్నది. హాజరు మాత్రమే కాదు, గంటన్నరసేపు మాటలు కూడా ఉన్నాయి. అవే పన్నెండు రోజులు, అదే వేళకు, జెస్సీ ఫోన్ ముట్టుకోకుండా మడిలో ఉన్నట్టు పన్నెండు మంది సాక్షులను మీరే ఇచ్చారు. ఒక మనిషి ఒకే వేళ రెండు చోట్ల ఉండడానికి మా నిబంధనల్లో ఏర్పాటు లేదు.

అంటే జెస్సీ స్థానంలో మరెవరో కూర్చున్నారు. ఈ నెల 30వ తేదీ ఉదయం పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ గారి గదిలో విచారణ జరుగును. జెస్సీతో పాటు జట్టులోని మిగతా ముగ్గురూ స్వయంగా రావలెను. ఒకరి స్థానంలో మరొకరు కూర్చోవడం మోసం. అటువంటివారికి ఈ సంస్థలో చోటు లేదు. ఈ రెండు వాక్యాల కింద గీత గీయడమైనది.

ఇట్లు,
డాక్టర్ వర్షిణి
ప్రాజెక్టు సమన్వయకర్త

తా.క. నూనె అందినది. నాలుగు రోజులు రాసేసరికి రెండో అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కాను. ఇది విచారణపై ఎటువంటి ప్రభావమూ చూపదు. ఇంకొక సీసా ఉంటే అదే కండక్టరుకు ఇవ్వగలరు.

~

కొత్తపాలెం
అక్టోబరు 18

వర్షిణి మేడం గారికి,

వందనాలు. ఇంతవరకు వచ్చిన కాగితాలు పోస్టుమాన్ దగ్గర నేనే తీసుకుని బైబిల్లో దాచాను. మొన్నటిది జెస్సీ చేతికి దొరికింది. చదివి అక్కడే పెట్టేసింది. నన్ను తిట్టినా బాగుండేది. రెండు రోజుల నుంచి అన్నం కెలికి లేచిపోతోంది.

మీటింగుల్లో కూర్చున్నది నేనే.

జూలైలో నా కుడి మోకాలు వాచిపోయింది. బురదలో దిగితే కాలు తీసెయ్యాల్సి వస్తుందని అవనిగడ్డ డాక్టరు గారు బెదిరించారు. మా ముఠాలో ఇంటికో వరస. సీజన్లో మూడు పూటలు ఆ ఇంటి మనిషి రాకపోతే, ఆ వరస వేరే ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ నియమం పెట్టింది నేనే, ఇరవై రెండేళ్ళ కిందట. నాకోసం నేనే తప్పుతానా? జెస్సీ తానే వెళ్తానంది. మరి మీటింగుల సంగతేంటి అని నేనంటే, "నువ్వు కూర్చో అమ్మమ్మా, మ్యూట్‌లో పెట్టుకో, హాజరు పడితే చాలు" అంది. నా బదులు అది దిగింది. దాని బదులు నేను కూర్చున్నాను. మా లెక్కలో ఇల్లు హాజరైనట్టే. మీ లెక్క వేరని నాకు తట్టలేదు.

మ్యూట్‌లోనే ఉందామనుకున్నాను. కానీ మేడం, నలుగురూ వచ్చారు, ఒక్కరూ నోరు విప్పరు. నల్లటి పెట్టెల్లో తెల్లటి పేర్లు తప్ప ఏం లేదు. పది నిమిషాలు ఓర్చుకున్నాను. తరవాత తిన్నారా అని అడిగాను. ఆ బిందు పొద్దుటి నుంచి ఏమీ తినలేదట. అక్కడ మొదలైంది. ఎవరి ఊరి కాలవ గట్టు మీదకి వాళ్ళే వెళ్ళి, నీళ్ళు ఎప్పుడొచ్చాయో రైతుల్ని అడిగి రాసుకురమ్మన్నాను. లోహిత్ వెళ్ళాడు. బిందు వెళ్ళింది. అనుదీప్ ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చూసి రాసుకొచ్చాడు. కంప్యూటర్లో నీళ్ళున్నాయి, కాలవలో లేవు. అందుకే తిట్టాను. మర్నాడే సైకిలేసుకుని వెళ్ళాడు, బంగారం లాంటి పిల్లాడు. సాయంత్రం జెస్సీ వచ్చి కాళ్ళు కడుక్కుని, నేను రాసి పెట్టిన మినిట్స్ చదువుకుని, యాప్ కట్టేది. ఆ విద్య నాకు రాదు. అదంతా దాని చేతిపనే.

తప్పు జరిగింది. శిక్ష నాకు వెయ్యండి. ముఠాలోంచి తప్పుకోమంటే తప్పుకుంటాను. దాని పట్టా మాత్రం ఆపకండి. మా ఇంట్లో బురదలోంచి పైకి రాబోతున్న మొదటి మనిషి అది. నా నోటి దురదవల్ల, నా సాక్ష్యం వల్ల అది ఆగిపోతే నేను బతికుండి ఎందుకు? ఒకరి పని ఇంకొకరు నెత్తికెత్తుకోక తప్పని పరిస్థితి మీకు ఎప్పుడైనా వచ్చి ఉంటే, నేను చెప్పేది మీకు అర్థమవుతుంది.

కన్నీళ్ళతో,
ఎస్తేరు

తా.క. అనుదీప్‌కి దగ్గు తగ్గిందేమో విచారణలో ఒక మాట అడగండి.

రెండో సీసా పంపాను. పోయినసారి లంచం కాదని రాశాను. ఈసారి మీరు ఏమనుకున్నా సరే.

~

మచిలీపట్నం
నవంబరు 2

ఎస్తేరు గారికి దుర్గారావు నమస్కరించి రాయునది.

ఈ పేరు మీకు కొత్త. ఎవరన్నది చెబుతాను. ముందు మీరు ఎదురుచూస్తున్న సంగతి. జెస్సీ పాసైంది. పట్టా వేళకు వస్తుంది.

జెస్సీ మీకు ఎంతవరకు చెప్పిందో తెలియదు కనుక మొత్తం రాస్తున్నాను. విచారణకు ప్రిన్సిపాల్ గారు, ఇద్దరు లెక్చరర్లు కూర్చున్నారు. వర్షిణి మేడం గారు విజయవాడ నుంచి తెర మీదకి వచ్చారు. ఆ ముగ్గురు పిల్లలూ మొదటి బస్సులకే దిగారు. నలుగురూ ఒకరినొకరు అప్పుడే చూసుకోవడం. అనుదీప్‌ని దగ్గు తగ్గిందా అని నేనే అడిగాను, తగ్గిందట.

జెస్సీ పేరున ఎవరు కూర్చున్నదీ మీకు తెలుసా అని ప్రిన్సిపాల్ గారు వాళ్ళని అడిగారు. రెండో మీటింగులోనే తెలిసిపోయిందని బిందు చెప్పింది. మీరు రాకముందు, జెస్సీ తానే కూర్చున్న మొదటి మీటింగులో నలుగురూ ముప్పావుగంట మ్యూట్‌లో కూర్చుని లేచిపోయారట. మరి తెలిసి ఎందుకు చెప్పలేదని ఆయన గట్టిగా అడిగారు.

"చెబితే ఆవిడ రావడం మానేస్తారు కదండీ," అంది బిందు.

ప్రిన్సిపాల్ గారు ఫైలు చదవమన్నారు. మీకు వెళ్ళిన మూడు ఉత్తరాలూ వరసగా చదవడం జరిగింది. గీత గీసిన వాక్యాల దగ్గరికి వచ్చేసరికి తెర మీదనుంచి వర్షిణి మేడం గారు ఆపారు.

"సంతకం నాదే సార్. కానీ ఆ ఉత్తరాలు నేను రాయలేదు. జూలై నుంచి నేను ప్రసూతి సెలవులో ఉన్నాను."

అందరూ ఫైలు చదువుతున్న మనిషి వైపు తిరిగారు. చదువుతున్నది నేనే.

నేను ఈ విభాగంలో జూనియర్ అసిస్టెంటుని. యాభై నాలుగేళ్ళు. మేడం గారు సెలవుకి వెళ్తూ, హాల్ టికెట్లకీ సర్టిఫికెట్లకీ ఇబ్బంది లేకుండా ఇరవై తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టి ఇచ్చి వెళ్ళారు. ఆమె స్థానంలో ఎవరినీ వెయ్యలేదు. నువ్వు చూస్తుండు దుర్గారావూ అన్నారు పైవాళ్ళు. చూస్తూ వచ్చాను. రికార్డింగులు విన్నది నేనే. మేడం గారి పేరున కెమెరా ఆపుకుని, యూనివర్సిటీ వారి మీటింగుల్లో కూర్చుని "నోటెడ్ సార్" అని టైపు కొట్టింది నేనే. ఉత్తరాలు రాసింది నేనే. సంతకం కాగితం మధ్యలో ఉండేది. దానిపైన మేడం గారిలా రాసేవాణ్ణి. కింద మిగిలిన చోట నా మోకాళ్ళ గురించి రాసుకునేవాణ్ణి.

మీ ఆఖరి ఉత్తరం వచ్చాక వారం రోజులు సరిగా నిద్రపట్టలేదండీ. దానికి జవాబు రాయడానికి నాకు చెయ్యి రాలేదు. అయినా విచారణ రోజు ఫైలు తీసుకుని వెళ్ళి నిలబడ్డాను. ముందే చెప్పే ధైర్యం లేకపోయింది. మీకున్నంత లేదు.

అక్కడ అందరికీ చిక్కొచ్చి పడింది. పిల్లని శిక్షిస్తే నన్నూ శిక్షించాలి, నన్ను శిక్షిస్తే నన్ను చూస్తుండమన్నవారి పేరూ రాయాలి. చివరికి మేడం గారే ఒక దారి చెప్పారు. ఆ పన్నెండు రోజుల హాజరు కొట్టేసి, యాప్ మీద ప్రశ్నలు జెస్సీని అప్పటికప్పుడు ఎదుటే అడగమన్నారు. గంటంబావు అడిగారు. ఒక్కదానికి తడుముకోలేదు. నీళ్ళు చివరి పొలానికి ఆలస్యంగా ఎందుకొస్తాయని ఒక లెక్చరర్ గారు అడిగితే, బోర్డు మీద కాలవ గీసి ఆయనకే పాఠం చెప్పింది. హాజరు పోయింది కనుక సి గ్రేడు వేశారు. నాకైతే అన్యాయం అనిపించింది. ప్రాజెక్టు మీద ఐదో పేరుగా మీ పేరు పెట్టమని ఆ ముగ్గురూ పట్టుబట్టారు గానీ, రోల్ నంబరు లేని మనిషిని కంప్యూటరు తీసుకోలేదు. బయటికొచ్చాక నలుగురూ బస్టాండులో ఒకే ప్లేటు పునుగులు తిన్నారు. డబ్బులు నన్ను ఇవ్వనిచ్చారు.

మిగిలిన పదిహేడు కాగితాలు ప్రిన్సిపాల్ గారికి అప్పగించాను. మిమ్మల్ని మోసగత్తెలా చూసి రాసినందుకు క్షమించండి.

మీ ఆముదానికి రుణపడి ఉన్న,
దుర్గారావు

తా.క. నాకు మెమో ఇచ్చారు. మూడు రోజుల్లో సంజాయిషీ రాయాలి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఎందరి పేర్లతోనో వేల ఉత్తరాలు రాశాను. నా పేరుతో రాసింది ఇదొక్కటే. మీరు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం నా ముందు పెట్టుకుని నిన్నటి నుంచి కూర్చున్నాను. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. మీరు దాన్ని ఎలా రాయగలిగారో కొంచెం చెప్పండి.